కలిసి పరుగెడదాం.. లెక్క అడుగుదాం

* సేవా పరుగుకు కుటుంబమంతా వెళ్లాలంటే..
* ఆరు వారాల సన్నాహం అవసరం
* విరాళం ఎటు పోతుందో తెలుసుకోవడం బాధ్యత

ఆదివారం తెల్లవారుజాము ఐదున్నర గంటలు. పట్టణంలోని కళాశాల మైదానంలో మైకు మోగుతుంటుంది. ఒకే రంగు టీషర్టులు వేసుకున్న పిల్లలు, కొంగు నడుముకు దోపుకొన్న తల్లులు, కాన్వాస్ బూట్లు తొడిగిన తాతయ్యలు బారులు తీరి ఉంటారు. జెండా ఊపగానే అందరూ ఒక్కసారిగా కదులుతారు. అరగంట తిరిగేసరికి ఆ గుంపు మూడు ముక్కలవుతుంది. కొందరు గమ్యం చేరి అరటిపండు తింటుంటారు. కొందరు దారి మధ్యలో కల్వర్టుపై కూర్చొని ఆయాసపడుతుంటారు. మరికొందరు తప్పిపోయిన పిల్లల కోసం వెదుకుతుంటారు.

ఈ విలేకరి కుటుంబానికి తొలి పరుగులో ఎదురైన అనుభవమూ ఇదే. తలసేమియా బాధిత చిన్నారుల సహాయార్థం ఓ పట్టణంలో జరిగిన మూడు కిలోమీటర్ల పరుగుకు తల్లి, భార్య, ఇద్దరు పిల్లలతో కలిసి వెళ్లడం జరిగింది. జెండా ఊపిన క్షణం నుంచే పదకొండేళ్ల అబ్బాయి కంటికి కనిపించకుండా పోయాడు. వాడిని అందుకోవాలని వేగం పెంచిన తండ్రి రెండో కిలోమీటరు దాటకముందే పక్కటెముకల కింద నొప్పితో కూలబడ్డాడు. నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చిన అరవై నాలుగేళ్ల తల్లి అతడిని దాటుకొని ముందుకు సాగింది. అబ్బాయి దొరికేసరికి నలభై నిమిషాలు పట్టింది.

అంతకు మించిన ఇబ్బంది ఆ తరువాత వచ్చింది. పరుగుకు ముందు మా వీధిలోని ఇళ్ల నుంచి 1,150 రూపాయలు సేకరించి నిర్వాహకులకు అందజేశాం. మొత్తం ఎంత వసూలైందో, ఎంత మంది పిల్లలకు ఉపయోగపడిందో వారు ప్రకటించనే లేదు. ఇచ్చినవారు మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. సమాధానం చెప్పలేని స్థితి మాది. కుటుంబంతో సేవా పరుగుకు వెళ్లేవారు వేగం గురించి, విరాళం గురించి ముందే ఆలోచించుకోవలసిన అవసరం ఎంత ఉందో ఆ ఒక్క ఉదయం తెలియజెప్పింది.

అవగాహన వేరు.. సహాయం వేరు

2కె రన్, 5కె రన్ అనే మాటలు మన జిల్లాలకు కొత్త కావు. ఏటా అక్టోబరు 31న జరిగే ఐక్యతా పరుగు మొదలు రహదారి భద్రత, రక్తదానం, ఓటు హక్కు వరకు అనేక అంశాలపై వీటిని నిర్వహిస్తున్నారు. వీటిలో అధిక భాగం అవగాహన పరుగులే. ప్రవేశ రుసుము ఉండదు, నిధుల సేకరణ ఉండదు. సందేశం పదిమందికీ చేరితే లక్ష్యం నెరవేరినట్లే.

సేవా పరుగు స్వభావం ఇందుకు భిన్నం. ఇందులో ఒక నిర్దిష్ట అవసరం ఉంటుంది. రోగుల చికిత్స, అనాథల చదువు, పరిశోధన వంటి ఏదో ఒక పనికి డబ్బు పోగుచేయడమే దీని ఉద్దేశం. పాల్గొనేవారు రుసుము చెల్లిస్తారు. దానితోపాటు బంధుమిత్రులను అడిగి విరాళాలు కూడా సేకరిస్తారు. మన దేశంలో పెద్ద నగరాల పరుగులతో ఈ పద్ధతికి ఆదరణ పెరిగింది. 2004లో మొదలైన ముంబయి మారథాన్‌లో సుదీర్ఘ పరుగుతో పాటు సుమారు ఆరు కిలోమీటర్ల ‘డ్రీమ్ రన్’ కూడా ఉంటుంది. వేలాది మంది స్వచ్ఛంద సంస్థల పేరిట ఇందులో పాల్గొంటారు. అంతకు ముందు ఏడాది, 2003లో హైదరాబాద్‌లో 10కె పరుగు ప్రారంభమైంది. అక్కడి నుంచి ఈ అలవాటు క్రమంగా చిన్న పట్టణాలకూ పాకింది.

చివరి నుంచి రెండో స్థానం

కుటుంబ సభ్యులు కలిసి సేవా పరుగులో పాల్గొనడానికి ప్రపంచమంతటా ఉదాహరణగా చెప్పుకొనే ఘటన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో జరిగింది. 1962లో అక్కడ జన్మించిన రిక్ హోయ్ట్ పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ బారిన పడ్డాడు. చేతులు, కాళ్లు స్వాధీనంలో లేవు, మాట రాదు. తలతో మీట నొక్కి అక్షరాలు ఎంచుకునే ప్రత్యేక కంప్యూటర్ ద్వారా తన మనసులోని మాట చెప్పేవాడు.

1977లో ప్రమాదానికి గురై పక్షవాతం పాలైన ఓ యువ క్రీడాకారుడి సహాయార్థం వెస్ట్‌ఫీల్డ్‌లో ఐదు మైళ్ల పరుగు ఏర్పాటైంది. మన లెక్కలో అది ఎనిమిది కిలోమీటర్లు. తానూ అందులో పాల్గొంటానని రిక్ తండ్రిని కోరాడు. తండ్రి డిక్ వయసు అప్పుడు 36 ఏళ్లు. దూరపు పరుగు ఆయనకు అలవాటు లేదు. అయినా కొడుకును చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, దానిని తోసుకుంటూ ఐదు మైళ్లూ పూర్తి చేశాడు. ఇద్దరూ చివరి నుంచి రెండో స్థానంలో గమ్యం చేరారు. పరుగు సాగుతున్నంతసేపు తనకు వైకల్యం ఉన్నట్లే అనిపించలేదని ఆ రాత్రి రిక్ కంప్యూటర్ ద్వారా తండ్రికి తెలియజేశాడు.

ఆ తరువాత వారిద్దరూ కలిసి వెయ్యికి పైగా పరుగుల్లో పాల్గొన్నారు. ప్రఖ్యాత బోస్టన్ మారథాన్‌లో చివరిసారిగా 2014లో కలిసి పరుగెత్తారు. డిక్ 2021లో 80వ ఏట, రిక్ 2023లో 61వ ఏట కన్నుమూశారు. ఇన్ని పరుగులకు మూలం చివరి నుంచి రెండో స్థానం దక్కిన ఆ ఎనిమిది కిలోమీటర్లే. ఆ రోజు తండ్రి తన వేగం చూసుకోలేదు, కొడుకు తోడుగా ఉండటమే చూసుకున్నాడు.

ఒక్కొక్కరి నుంచి ఒక్క డాలరు

పోటీ లేని సేవా పరుగుకు స్ఫూర్తినిచ్చిన మరో వ్యక్తి కెనడాకు చెందిన టెర్రీ ఫాక్స్. ఎముక క్యాన్సర్ కారణంగా 1977లో ఆయన కుడికాలును తొలగించారు. బతికే అవకాశం యాభై శాతం ఉందని, రెండేళ్ల ముందైతే అది పదిహేను శాతమేనని వైద్యులు చెప్పారు. ఆ తేడాకు కారణం పరిశోధన అని ఆ యువకుడు గ్రహించాడు. పరిశోధనకు నిధులు సేకరించాలని నిశ్చయించుకొని 1980 ఏప్రిల్ 12న అట్లాంటిక్ తీరంలోని సెయింట్ జాన్స్ నుంచి కృత్రిమ కాలితో దేశం ఆ చివరకు పరుగు ప్రారంభించాడు. మిత్రుడు డగ్ వ్యాన్ నడుపుతూ వెంట ఉన్నాడు. తమ్ముడు డారెల్ కొద్ది వారాల తరువాత వచ్చి చేరాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పూర్తయ్యాక క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో సెప్టెంబరు 1న పరుగు ఆపవలసి వచ్చింది.

దేశంలోని ప్రతి వ్యక్తి నుంచి ఒక్క డాలరు రావాలన్నది ఆయన కోరిక. 1981 ఫిబ్రవరి నాటికి 2 కోట్ల 41 లక్షల డాలర్లు సమకూరాయి. నాటి కెనడా జనాభా దాదాపు అంతే. అదే ఏడాది జూన్ 28న 22 ఏళ్ల వయసులో టెర్రీ మరణించాడు. సెప్టెంబరులో ఆయన పేరిట జరిగిన తొలి పరుగులో సుమారు మూడు లక్షల మంది పాల్గొని 35 లక్షల డాలర్లు అందించారు. నాటి నుంచి ఏటా జరుగుతున్న ఈ పరుగుల ద్వారా ఇప్పటివరకు 80 కోట్ల కెనడా డాలర్లకు పైగా పరిశోధనకు చేరాయి. ఈ పరుగులో విజేతలు ఉండరు. నడిచినవారు, పరుగెత్తినవారు, పిల్లల బండి తోసుకుంటూ వచ్చినవారు అందరూ సమానమే.

బ్రిటన్‌లో క్యాన్సర్ పరిశోధన కోసం 1994లో 680 మంది మహిళలతో లండన్‌లో ఆరంభమైన ‘రేస్ ఫర్ లైఫ్’ కూడా ఈ కోవకు చెందినదే. చాలాకాలం మహిళలకే పరిమితమైన ఆ పరుగులో 2019 నుంచి పురుషులకూ ప్రవేశం కల్పించారు. దానితో కుటుంబం మొత్తం ఒకే వరుసలో నిలబడే వీలు కలిగింది.

రుసుము మొత్తం విరాళం కాదు

ప్రవేశ రుసుము కట్టగానే అంత మొత్తం బాధితులకు చేరిందని భావించడం పొరపాటు. టీషర్టు, పతకం, వేదిక, మైకు, అల్పాహారం, నీళ్ల సీసాలు, అంబులెన్సు ఇవన్నీ ఖర్చులే. ఉదాహరణకు ఒక్కొక్కరికి 300 రూపాయల రుసుము ఉందనుకుందాం. ఖర్చులకు 200 పోతే సేవకు మిగిలేది 100 మాత్రమే. ఐదుగురు సభ్యుల కుటుంబం 1,500 చెల్లిస్తే 500 చేరుతుంది. అదే కుటుంబం బంధువుల్లో పదిమందిని కలిసి తలా వంద రూపాయలు నేరుగా సంస్థ ఖాతాలో జమ చేయిస్తే మరో వెయ్యి రూపాయలు నేరుగా చేరినట్లే. అందుకే సేవా పరుగులో అసలు సేవ జెండా ఊపడానికి చాలా ముందే, పదిమంది గుమ్మాల వద్ద మొదలవుతుందని చెప్పవచ్చు.

ఈ పనిలో పిల్లలను కూడా భాగస్వాములను చేయాలి. తలసేమియా తీవ్రంగా ఉన్న చిన్నారికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించవలసి ఉంటుందని, అది జీవితాంతం కొనసాగుతుందని వివరిస్తే పదేళ్ల పిల్లవాడికీ అర్థమవుతుంది. దేనికోసం అడుగుతున్నాడో తెలిసిన పిల్లవాడు పక్కింటివారిని ధైర్యంగా అడగగలడు.

డబ్బు కట్టడానికి ముందు నిర్వాహకులను ఈ ప్రశ్నలు అడగడంలో మొహమాటం అవసరం లేదు.

* నిధులు ఏ సంస్థకు, ఏ పనికి చేరుతాయి? ఆ సంస్థకు రిజిస్ట్రేషన్ ఉందా?
* రుసుములో ఖర్చులు పోను సేవకు ఎంత మిగులుతుంది?
* విరాళాన్ని నేరుగా సంస్థ బ్యాంకు ఖాతాలో వేయవచ్చా? రసీదు ఇస్తారా?
* పరుగు ముగిశాక వసూళ్ల వివరాలను ఎప్పుడు, ఎక్కడ ప్రకటిస్తారు?

80జిగా అందరికీ తెలిసిన ఆదాయపు పన్ను రాయితీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అర్హత గల సంస్థకు ఇచ్చిన విరాళానికే ఈ రాయితీ వర్తిస్తుంది. రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇస్తే వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ ప్రయోజనం లేదు. టీషర్టు, పతకం వంటివి పొందడానికి కట్టిన రుసుమును విరాళంగా లెక్కించుకోవడానికి ముందు రసీదులో ఏమని రాశారో చూసుకోవాలి.

ఎవరు పరుగెత్తాలి.. ఎవరు నడవాలి

సేవా పరుగులో నడవడం తప్పేమీ కాదు. సాధారణ నడకతో మూడు కిలోమీటర్లను నలభై నిమిషాల్లో, ఐదు కిలోమీటర్లను గంటా పది నిమిషాల్లో పూర్తి చేయవచ్చు. నిర్వాహకులు దారి తెరిచి ఉంచే సమయం ఎంతో ముందుగా తెలుసుకుంటే చాలు.

ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చొని పనిచేసినవారు ఒక్కసారిగా పరుగు లంకించుకోవడం ప్రమాదకరం. అలవాటు లేని తీవ్ర శ్రమ వల్ల ఆ సమయంలో గుండెపై భారం పెరుగుతుంది. నలభై ఏళ్లు దాటినవారు, పొగతాగేవారు, రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారు, కుటుంబంలో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నవారు సన్నాహం మొదలుపెట్టే ముందే వైద్యుని సంప్రదించాలి. గర్భిణులు, శస్త్రచికిత్స చేయించుకున్నవారు కూడా వైద్యుని అనుమతి లేకుండా పాల్గొనరాదు.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారికి పరుగులో చక్కెర శాతం పడిపోయే అవకాశం ఉంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దీని లక్షణాలు. జేబులో గ్లూకోజు లేదా చక్కెర పొట్లం ఉంచుకోవడం, ఆ సంగతి తోడుగా వచ్చినవారికి చెప్పి ఉంచడం శ్రేయస్కరం. పాదాల్లో స్పర్శ తగ్గినవారు పరుగు తరువాత బూట్లు విప్పి బొబ్బలు ఏమైనా ఉన్నాయేమో పరిశీలించుకోవాలి.

ఛాతీలో బరువుగా ఉండటం, నొప్పి ఎడమ చేతికి లేదా దవడకు పాకడం, ఊపిరి అందకపోవడం, తల తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే ఆగిపోవాలి. గమ్యం దగ్గరలోనే ఉందన్న పంతం పనికిరాదు. ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి. జ్వరం, విరేచనాలు ఉన్న రోజున పెద్దలైనా, పిల్లలైనా పరుగుకు దూరంగా ఉండటమే మంచిది.

పిల్లల తీరు వేరు. ఐదు నుంచి పదిహేడేళ్ల వయసువారికి రోజుకు సగటున గంటసేపు శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. కాబట్టి ఆటపాటలున్న పిల్లలకు రెండు మూడు కిలోమీటర్లు భారం కాదు. అయితే వారు మొదటి రెండు వందల మీటర్లు శక్తినంతా వెచ్చించి, ఆపై నీరసించిపోతారు. బలవంతం చేస్తే పరుగంటేనే అయిష్టం ఏర్పడుతుంది. ఐదారేళ్లవారికి ఒకటి రెండు కిలోమీటర్లు, అదీ ఆగుతూ ఆగుతూ వెళితే సరిపోతుంది.

ఆరు వారాల సన్నాహం

వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట కేటాయించగలిగితే మూడు నుంచి ఐదు కిలోమీటర్లకు కుటుంబం సిద్ధమవుతుంది.

* మొదటి వారం: ఇరవై నిమిషాల చురుకైన నడక.
* రెండో వారం: అదే నడక ఇరవై ఐదు నిమిషాలు.
* మూడో వారం: ఐదు నిమిషాలు నడిచి, ఆపై ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఆరుసార్లు. చివర ఐదు నిమిషాల నడక.
* నాలుగో వారం: రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఐదుసార్లు. ముందూ వెనుకా ఐదేసి నిమిషాల నడక.
* ఐదో వారం: మూడు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఐదుసార్లు.
* ఆరో వారం: శ్రమ సగానికి తగ్గించాలి. చివరి రెండు రోజులు విశ్రాంతి.

పెద్దవారు ఆరు వారాలూ నడకకే పరిమితం కావచ్చు. వేగం సరిపోయిందా లేదా అని తెలుసుకోవడానికి గడియారం అవసరం లేదు. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరైనదే. రెండు మాటలకే ఊపిరి అందకపోతే తగ్గించాలి.

పాఠశాల మైదానం, చెరువు కట్ట, కాలువ గట్టు సన్నాహానికి అనువైన చోట్లు. నాలుగు వందల మీటర్ల ట్రాక్ ఉన్నచోట ఏడున్నర చుట్లు తిరిగితే మూడు కిలోమీటర్లవుతుంది. ట్రాక్ లేకపోతే మోటారు సైకిల్ మీటరుతో దూరం కొలుచుకోవచ్చు. రోడ్డుపై పరుగెత్తక తప్పకపోతే కుడివైపున, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా సాగాలి. చీకటి వేళ లేత రంగు దుస్తులు ధరించాలి. ఖరీదైన బూట్ల కన్నా కాలికి సరిపోయే, ఇప్పటికే అలవాటైన బూట్లు మేలు. కొత్తవాటిని పరుగు రోజున తొలిసారిగా వేసుకుంటే బొబ్బలు ఖాయం.

పరుగు నాటి ఉదయం

రాత్రి త్వరగా పడుకొని, పరుగుకు గంట లేదా గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో తీసుకుంటే చాలు. పూరీ, వడ వంటి నూనె పదార్థాలు వద్దు. కొద్దిగా నీళ్లు తాగాలి. ఒకేసారి చెంబెడు నీళ్లు తాగి పరుగెత్తితే కడుపులో ఇబ్బంది కలుగుతుంది. మన ప్రాంతంలో ఎండ తీవ్రత దృష్ట్యా నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇటువంటి కార్యక్రమాలకు అనుకూలం. మిగతా నెలల్లో ఎంత తెల్లవారుజామున మొదలైతే అంత మంచిది.

బయలుదేరే ముందు కుటుంబ సభ్యులు జంటలుగా విడిపోవాలి. ప్రతి చిన్నారికి ఒక పెద్ద తోడుండాలి. పిల్లల చొక్కాకు గుచ్చిన అంకె కాగితం వెనుక తల్లిదండ్రుల ఫోన్ నంబరు రాయాలి. ఒకవేళ విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే నిర్ణయించుకోవాలి. జనంలో వెనుక వరుసలో నిలబడితే తొక్కిసలాట ఉండదు. వెనుక నుంచి వేగంగా వచ్చేవారికి దారి ఇస్తూ ఎడమవైపున, ఇద్దరిద్దరుగా సాగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. ఇంట్లో అందరికన్నా నెమ్మదైన వ్యక్తి ఎవరో వారి వేగమే కుటుంబం వేగం. ఆ వ్యక్తి నాలుగేళ్ల పాప కావచ్చు, మోకాళ్ల నొప్పులున్న నానమ్మ కావచ్చు. పెద్ద పిల్లలకు ఇది కష్టంగా తోస్తే వారిని మరో పెద్దతో విడిగా ముందుకు పంపి, చివరి వంద మీటర్ల వద్ద ఆగి ఉండమని చెప్పవచ్చు. ఆ వంద మీటర్లు మాత్రం అందరూ కలిసి పూర్తి చేయాలి.

గమ్యం చేరగానే చతికిలబడకూడదు. ఐదు నుంచి పది నిమిషాలు మెల్లగా నడిచిన తరువాతే కూర్చోవాలి. మజ్జిగ, ఉప్పు పంచదార కలిపిన నిమ్మరసం, నీళ్లు ఏవైనా తీసుకోవచ్చు. తాగిన సీసాలను రోడ్డుపై పారేయకుండా పిల్లలతోనే చెత్తబుట్టలో వేయించాలి.

లెక్క తేలాకే మళ్లీ..

వారం రోజుల తరువాత చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంటుంది. విరాళం ఇచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లి ఎంత సమకూరిందో, ఎవరికి చేరిందో చెప్పాలి. రసీదు చూపాలి. వీలైతే ఆ పనిని పిల్లలకే అప్పగించాలి. ఈసారి ఇచ్చినవారు మరోసారి ఇవ్వాలంటే ఇంతకు మించిన మార్గం లేదు.

మా వీధి 1,150 రూపాయల సంగతి ఇప్పటికీ తేలలేదు. ఇటీవల మరో సేవా పరుగు కరపత్రం ఇంటికి వచ్చినప్పుడు పిల్లలు ఉత్సాహపడ్డారు. మా అమ్మ దానిని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. ‘‘లెక్క చెబుతారేమో ముందు అడగరా, తరువాతే పరుగు’’ అంది. కరపత్రంలోని నంబరుకు ఫోన్ చేసి పైన పేర్కొన్న నాలుగు ప్రశ్నలూ అడిగాం. మూడింటికి వెంటనే సమాధానం వచ్చింది. నాలుగోదానికి, పరుగు ముగిసిన పది రోజుల్లో వసూళ్ల వివరాలు నోటీసు బోర్డులో పెడతామన్నారు. ఆ తేదీని మా అబ్బాయి క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాడు. ప్రస్తుతం కాలువ గట్టు మీద మా సన్నాహం రెండో వారంలో ఉంది. అందరికన్నా ముందు నడుస్తున్నది మా అమ్మే.